వకీలు బల్ల మీద తోలు: మరకలు ఎలా తీయాలి, ఎక్కడ ఆగాలి

మా పెదతాత కాకినాడలో వకీలు. ఆయన పోయాక పాతికేళ్లు మేడ మీద గదిలో పడి ఉన్న రాతబల్ల, వాటాల్లో మా నాన్నకి వచ్చింది. టేకు చట్రం, తొమ్మిది సొరుగులు, పైన ముదురాకుపచ్చ తోలు, దాని చుట్టూ సన్నటి బంగారు గీత. తోలు మీద సిరా మరకలు, గ్లాసులు పెట్టిన వలయాలు, ఒక మూల గోధుమరంగుకి తిరిగి పొడి రాలుతున్న చోటు. శుభ్రం చేద్దామని ఉత్సాహంగా గిన్నెల సబ్బు నీళ్లలో గుడ్డ ముంచి, ముందు ఆ పొడి రాలే చోటే రుద్దాను. కళ్ల ముందే అరచేయంత మేర నల్లబడింది. ఆరాక చూస్తే అప్పడంలా బిగుసుకుపోయి అంచులు పైకి లేచాయి. ఇప్పటికీ అలాగే ఉంది. దానికి మందు లేదు.

డెబ్బై ఏళ్ల వాడకం చేయని నష్టం నేను పది నిమిషాల్లో చేశాను. ఆ తర్వాత మిగిలిన బల్లనీ, చుట్టాలవి, స్నేహితులవి మరో నాలుగైదు బల్లల్నీ బాగుచేస్తూ తెలుసుకున్నది రాస్తున్నాను. తోలు బల్లలు ఎక్కువగా పాడయ్యేది మరకల వల్ల కాదు, మరక తీసే ప్రయత్నాల వల్ల.

బల్ల మీద ఉన్నదేమిటో ముందు తెలియాలి

రాసుకునే బల్ల మీద తోలు పరచడం మనకి ఇంగ్లండు వాళ్ల నుంచి వచ్చిన అలవాటు. పక్షి ఈకతోనో ఉక్కు పాళీతోనో రాసేటప్పుడు గట్టి చెక్క కంటే కాస్త మెత్తటి ఆధారం కావాలి. అందుకని బల్ల పైభాగంలో అంచు వదిలి, మధ్యలో చాలా తక్కువ లోతు పల్లం తీసి, అందులో తోలు అతికించేవారు. మన దగ్గర జమీందార్ల కచేరీల్లో, వకీళ్ల ఇళ్లల్లో, కలెక్టరాఫీసుల్లో కనిపించేవి ఆ నమూనా చూసి ఇక్కడి వడ్రంగులు చేసినవి, లేదా మద్రాసు కంపెనీల నుంచి తెప్పించుకున్నవి.

ఆ తోలు సాధారణంగా రెండు రకాలు. ఒకటి స్కైవర్. గొర్రె చర్మాన్ని అడ్డంగా చీల్చి పైపొరను మాత్రం తీసుకుంటారు. మందం అర మిల్లీమీటరు, మహా అయితే కాస్త ఎక్కువ. రెండోది ఆవు తోలు, సుమారు మిల్లీమీటరు మందం. గొర్రె ఎంత ఉంటే తోలు అంతే కాబట్టి పెద్ద బల్లల మీద స్కైవర్ మూడు ముక్కలుగా కనిపిస్తుంది. మధ్యలో పెద్దది, రెండు పక్కలా చిన్నవి. ఇంత పల్చటి తోలు మీద నీళ్లు పోస్తే, అవి తోలు దాటి కింద ఉన్న జిగురుకి చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఆ జిగురు పాత బల్లల్లో పిండితో చేసిందో, పశువుల చర్మాలూ ఎముకలూ ఉడికించి తీసిందో అయి ఉంటుంది. రెండూ నీటికి ఉబ్బుతాయి. తడిగుడ్డతో తుడిచిన మర్నాడు బుడగలు లేవడానికి కారణం ఇదే.

చుట్టూ ఉన్న బంగారు గీత మంచి బల్లల్లో నిజమైన బంగారు రేకే. తోలు మీద గుడ్డు తెల్లసొన పూసి, రేకు పరిచి, వేడి చేసిన ఇత్తడి చక్రాన్ని దాని మీద దొర్లిస్తారు. వేడి తగిలిన చోట రేకు అంటుకుంటుంది, మిగతాది తుడిచేస్తారు. అంటే ఆ గీతను పట్టుకుని ఉన్నది పల్చటి తెల్లసొన పొర ఒక్కటే. రుద్దితే పోతుంది. చవక బల్లల్లో బంగారానికి బదులు ఇత్తడి పొడి వాడేవారు. అది కాలంతో గోధుమరంగుకో ఆకుపచ్చకో తిరుగుతుంది. బంగారం మాత్రం రంగు మారదు.

తోలా, రెక్సినా?

ఇది తేల్చుకోకుండా ముందుకు పోవద్దు. రెక్సిన్ అన్నది నిజానికి ఒక ఇంగ్లీషు కంపెనీ పేరు. గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత వేసి తోలులా కనిపించేట్టు చేసేవారు. మనకి అది ప్లాస్టిక్ తోలన్నిటికీ పేరైపోయింది. పాత గవర్నమెంటు బల్లల్లో చాలావాటి మీద ఉన్నది ఇదే.

ఎక్కడైనా అంచు కాస్త లేచి ఉంటే భూతద్దంతో చూడండి. కింద నేత దారాలు కనిపిస్తే రెక్సిన్. పీచు పీచుగా, దూది చీలినట్టుంటే తోలు. అంచు లేవకపోతే పైన గీతలు, రంధ్రాలు గమనించండి. ఒకే నమూనా అంగుళం అంగుళానికీ తిరిగి వస్తుంటే అది అచ్చు వేసింది. కాల్చి చూడమని కొందరు చెబుతారు. వినకండి. నైట్రోసెల్యులోజ్ భగ్గున అంటుకునే రకం.

రెక్సిన్ అయితే పని సులువు. కొద్దిగా తడిపిన గుడ్డతో తుడవచ్చు, కానీ స్పిరిట్, థిన్నర్ తగిలించకూడదు, పూత కరుగుతుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా అసలు తోలు గురించి.

పొడి రాలుతుంటే: తంగేడు కథ

తడి లేని తెల్ల గుడ్డతో ఒక మూల మెత్తగా ఒత్తి చూడండి. రుద్దవద్దు. గుడ్డకి ఎర్రటి ఇటుకపొడి లాంటిది అంటితే ఆ తోలుకి రెడ్ రాట్ పట్టింది. గాలిలోని గంధకపు పొగల్ని తోలు పీల్చుకుని లోపల ఆమ్లం తయారవుతుంది. ఆ ఆమ్లం తోలు పీచుని తినేస్తుంది. లండన్‌లో అథీనియం క్లబ్బులో కుర్చీల తోలు పాడవడానికి గ్యాసు దీపాలు కారణమని 1843లోనే శాస్త్రవేత్త మైకేల్ ఫారడే అనుమానించాడు.

ఇందులో మన పాత్ర కూడా ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో మేక, గొర్రె చర్మాల్ని తంగేడు చెక్కతో పదును చేసి, చివర కరక్కాయతో తేల్చి, ఓడల్లో ఇంగ్లండుకి పంపేవారు. వాటిని ఈస్టిండియా తోలు అనేవారు. మనం బతుకమ్మలో పేర్చే తంగేడే ఇది. చవకగా, అందంగా ఉండేది కాబట్టి పుస్తకాల అట్టలకి తెగ వాడారు. పుస్తకాల తోళ్లు ఎందుకు పాడవుతున్నాయో తేల్చడానికి సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వేసిన కమిటీ 1901లో చెప్పిన మాట, ఈ రకం తోళ్లు అన్నిటికంటే త్వరగా నశిస్తాయని. తంగేడు చెక్కలో ఉండే టానిన్ల (చర్మాన్ని తోలుగా మార్చే వగరు పదార్థాల) రకం అలాంటిది. సుమాక్ అనే పొద ఆకుతో పదును చేసిన తోలు ఇంత త్వరగా పాడవదు.

రెడ్ రాట్ పట్టిన చోట నీళ్లు అసలు పనికిరావు. నేను చేసిన తప్పు అదే. తడి తగలగానే నల్లబడి గట్టిపడుతుంది. నూనె పూసినా బాగవదు. ఆ చోటుకి మందు ఏమిటో కింద వేరుగా చెబుతాను. బల్లంతా ఇలాగే ఉంటే మాత్రం మరకల సంగతి వదిలేయండి.

దగ్గర పెట్టుకోవలసినవి

మెత్తటి కుచ్చు బ్రష్, పెయింటర్లు వాడే మేకవెంట్రుకల రకమైతే మేలు. వ్యాక్యూమ్ క్లీనర్, దాని మూతికి కట్టడానికి పల్చటి వల గుడ్డ. పాత తెల్ల నూలు పంచె ముక్కలు. ఎన్నో ఉతుకులు తిన్న పంచె కంటే మెత్తటి గుడ్డ బజార్లో దొరకదు. దూది, వెదురు పుల్లలు. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీళ్లలో సున్నం, ఇనుము ఉంటాయి, బోరు నీళ్లయితే చెప్పనక్కర్లేదు. పిల్లల షాంపూ. పెయింటు షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. రంగులేని మైక్రోక్రిస్టలైన్ మైనం. వీటిల్లో పేరున్నది 1950ల్లో బ్రిటిష్ మ్యూజియంలో రూపొందిన రినైజాన్స్ వ్యాక్స్, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. చేతికి గ్లవ్స్, బూజు ఉంటే ఎన్95 మాస్కు.

ద్రవం పులుపో క్షారమో చెప్పే పీహెచ్ పట్టీలు కూడా కొనండి. తోలు స్వభావంగా పులుపు వైపు ఉండే వస్తువు, దాని పీహెచ్ సుమారు 3.5 నుంచి 5 మధ్య. బట్టల సబ్బు, సోడా, అమ్మోనియా కలిపిన అద్దాల క్లీనర్ అన్నీ క్షారాలే. మీరు కలిపిన షాంపూ నీళ్ల పీహెచ్ 5.5కీ 7కీ మధ్య ఉండేట్టు చూసుకోండి.

మొదటి మెట్టు: పొడి పని

ముందు ఫొటోలు తీయండి. పగటి వెలుగులో, ఒక పక్క నుంచి టార్చి వేసి ఇంకోసారి. టార్చి ఏటవాలుగా వేస్తే లేచిన అంచులు, బుడగలు, పగుళ్లు బయటపడతాయి. వాటి చుట్టూ కాగితం మీద బొమ్మ గీసి గుర్తు పెట్టుకోండి. తర్వాత "ఇది ముందు నుంచీ ఉందా, నేను చేశానా" అన్న టెన్షన్ ఉండదు.

బ్రష్‌తో మధ్య నుంచి అంచులకి దుమ్ము తోయండి. వ్యాక్యూమ్ మూతికి వల కట్టి, తక్కువ వేగంతో, తోలుకి రెండంగుళాల ఎత్తున పట్టుకోండి. వల ఎందుకంటే, విడిపోయిన బంగారు ముక్కలు, తోలు పెచ్చులు లోపలికి పోకుండా. బంగారు గీత పక్కన ఉన్న సందులో దశాబ్దాల మురికి పేరుకుని ఉంటుంది. దాన్ని వెదురు పుల్ల కొసతో మెల్లగా తీయండి.

సగం బల్లలకి ఈ మెట్టు దగ్గరే ముఖం మారిపోతుంది. "మరక" అనుకున్నవాటిలో కొన్ని ఉత్త దుమ్మే.

రెండో మెట్టు: పరీక్ష

తోలు మీద ఉన్న పూత ఏమిటో తెలియాలి. లక్క పూత అయితే ఆల్కహాల్‌కి కరుగుతుంది. మైనమైతే టర్పెంటైన్‌కి కరుగుతుంది. రంగు నీటికి వదిలే రకం కూడా కావచ్చు. సిరాబుడ్డి స్టాండు కిందో వెనక అంచునో ఎవరూ చూడని చోట మూడు చుక్కల పరీక్ష చేయండి. దూది పుల్ల కొసని నీటితో తడిపి, పిండి, ఒక్కసారి దొర్లించండి. పుల్లకి ఆకుపచ్చ అంటిందా? పక్కనే టర్పెంటైన్‌తో ఇంకొకటి, ఆల్కహాల్‌తో మూడోది. పది నిమిషాలు ఆగి చూడండి. దేనికి రంగు వదిలిందో దాన్ని ఆ బల్ల మీద వాడొద్దు. మా పెదతాత బల్ల ఆల్కహాల్‌కి ధారగా రంగు వదిలింది. స్పిరిట్‌లో కరిగించిన రంగు అది.

కోవిడ్ రోజుల్లో శానిటైజర్ కొట్టి తుడిచిన బల్లల మీద తెల్లటి మచ్చలు, పూత లేచిన వలయాలు కనిపించడానికి కారణం కూడా ఇదే.

మూడో మెట్టు: తడి పని, అదీ నురగతోనే

పరీక్షలో నీటికి రంగు వదలకపోతే, రెడ్ రాట్ లేకపోతే మాత్రమే ఇది. పావు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కల షాంపూ వేసి బాగా గిలకొట్టండి. పైన వచ్చిన నురగ మాత్రమే గుడ్డకి తీసుకోండి, నీళ్లు వద్దు. అరచేయంత చోటు తీసుకుని చిన్న వలయాలుగా తుడవండి. వెంటనే వట్టి నీటితో తడిపి గట్టిగా పిండిన ఇంకో గుడ్డతో నురగ తీసేయండి. ఆ వెంటనే పొడి గుడ్డ. ఒక చోట అర నిమిషం దాటితే తోలు నానుతోందని లెక్క. బంగారు గీత దగ్గరికి వచ్చేసరికి గుడ్డ వదిలి దూది పుల్ల పట్టుకోండి, దొర్లించండి, రుద్దకండి.

మురికి గుడ్డని మళ్లీ వాడకండి. బల్లకి పాతిక ముప్పై ముక్కలు పడతాయి.

మ్యూజియముల్లో ఉమ్మితో కూడా శుభ్రం చేస్తారు. దూది పుల్లని నోట్లో తడిపి దొర్లిస్తారు. ఉమ్మిలో ఉండే ఎంజైము మురికిని విడగొడుతుంది. మా అమ్మ విని "ఎంగిలి చేత్తో పెద్దల బల్ల తుడుస్తావా?" అంది. అయినా బంగారు గీత మీది జిడ్డు మచ్చలకి ఇంతకంటే మెత్తటి మందు నాకు దొరకలేదు. తర్వాత వట్టి నీటి పుల్లతో తుడవడం మరవొద్దు.

తుడిచాక బల్లని 24 గంటలు ఫ్యాను గాలికి దూరంగా, నీడలో వదిలేయండి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయర్ పట్టడం, ఇస్త్రీ పెట్టె ఆనించడం వద్దు. తడిసిన తోలు వేడికి ముడుచుకుంటుంది. ఆకులూ చెక్కలతో పదును చేసిన కొత్త తోలే 70 నుంచి 85 డిగ్రీల దగ్గర ముడుచుకుపోతుంది. పాడైన తోలుకి ఇంకా చాలా తక్కువ వేడి చాలు.

మరకని బట్టి

సిరాతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అడిగేవాళ్లు ఎక్కువ మంది దీని గురించే అడుగుతారు. పాత రిజిస్టర్ల రోజుల సిరా అన్నభేది, కరక్కాయ రసంలాంటివి కలిపి చేసింది. అన్నభేదిలో ఇనుము, కరక్కాయలో టానిన్, రెండూ కలిస్తే నలుపు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత వచ్చేదీ ఇలాగే. కరక్కాయ పాలు పట్టించిన గుడ్డ మీద, ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన కసిమితో గీస్తారు. తోలు అంటేనే టానిన్‌లో ఊరిన చర్మం. అంటే ఇనుప సిరా తోలు మీద పడటమంటే, కలంకారీ గుడ్డ మీద కసిమి పడటమే. అది పైన కూర్చున్న మురికి కాదు, తోలులో పుట్టిన రంగు. ఏ ద్రావకమూ దాన్ని తోలుకి హాని లేకుండా తీయలేదు. ఆగ్జాలిక్ ఆమ్లం పూస్తే పలచబడుతుంది గానీ, అసలే ఆమ్లంతో చస్తున్న తోలులో మరింత ఆమ్లం పోసినట్టవుతుంది. నేను పూయను. డ్రాయింగు పిన్నులు, గుండుసూదులు తడిసి వదిలిన నల్ల చుక్కలదీ ఇదే కథ.

ఫౌంటెన్ పెన్ నీలం వేరు. అది ఎక్కువగా నీటికి కరిగే రంగు. మూడో మెట్టులోని నురగకే కొంత పోతుంది, మిగిలింది లేతనీలం నీడగా ఉండిపోతుంది. బాల్‌పెన్ గీతలు నూనె రకం సిరా. తాజావి ఆల్కహాల్ పుల్లకి వస్తాయి, కానీ మీ బల్ల ఆల్కహాల్ పరీక్షలో నెగ్గి ఉండాలి. గీత వెంటే పుల్ల దొర్లించండి, ప్రతి దొర్లింపుకీ పుల్ల మార్చండి. లేదంటే గీత పోయి చుట్టూ నీలిమబ్బు మిగులుతుంది. ఏళ్ల నాటి బాల్‌పెన్ సిరా లోపలికి ఇంకిపోయి ఉంటుంది, దాన్ని వదిలేయండి. పాలు పోసి సిరా మరక తీయడం పాత చిట్కా. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు తోలులో మిగిలి వానాకాలానికి బూజుని పిలుస్తాయి. పళ్లపేస్టు గీరుతుంది, హెయిర్ స్ప్రే జిగురు వదులుతుంది.

గ్లాసు వలయాలు రెండు రకాలు. తెల్లటివి మైనం పూతలోనో లక్క పూతలోనో తేమ చిక్కుకోవడం వల్ల వస్తాయి. వారం రోజులు పొడి గదిలో ఉంచితే సగం వాటంతటవే మాయమవుతాయి. మిగిలినవాటిమీద కొద్దిగా టర్పెంటైన్‌ తడిపిన గుడ్డ తిప్పి, ఆరాక మైనం రాస్తే కలిసిపోతాయి. ముదురు గోధుమ వలయాలు తోలులోని టానిన్ తడితో పాటు జరిగి అంచున పేరుకున్నవి. వాటిని మళ్లీ తడిపితే వలయం ఇంకా పెద్దదవుతుంది, అంతే.

పసుపు కుంకుమలు మన బల్లలకే ఉండే మరకలు. దసరాకి ఆయుధపూజ, దీపావళికి లక్ష్మీపూజ, ప్రతిసారీ బల్లకి నాలుగు బొట్లు. ముందు పొడిగా బ్రష్‌తో, వ్యాక్యూమ్‌తో తీయండి. పసుపు మీద సబ్బు పెట్టారంటే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది అందుకే, క్షారం తగిలితే రంగు మారుతుంది. పసుపు వెలుగుకి పాలిపోతుంది కాబట్టి, నేరుగా ఎండ పడని వెలుతురున్న చోట బల్లని కొన్ని వారాలు ఉంచితే చాలావరకు వెలిసిపోతుంది. కుంకుమలో ఇప్పుడు వాడేవి ఎక్కువగా కృత్రిమ రంగులు, అవి ఇంత సులువుగా పోవు.

నూనె జిడ్డు కోసం మొక్కజొన్న పిండి లేదా టాల్కం పౌడరు గట్టిగా చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున వ్యాక్యూమ్‌తో తీయండి. మూడు నాలుగు రాత్రులు ఓపిక పట్టాలి. కొవ్వొత్తి మైనం పడితే పాలిథిన్ కవర్లో ఐసు ముక్కలు వేసి రెండు నిమిషాలు ఆనించి, పెళుసుబడ్డాక ప్లాస్టిక్ కార్డు అంచుతో లేపండి. టేపు జిగురుకి టర్పెంటైన్ పుల్ల.

బూజా, కొవ్వా?

విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో తోలు మీద తెల్లటి పొర కనిపిస్తే వెంటనే బూజు అనుకుంటాం. అన్నిసార్లూ కాదు. తోలులోని కొవ్వు పైకి తేలి గడ్డకట్టినా అలాగే తెల్లగా ఉంటుంది. వేలు ఆనించి పది లెక్కపెట్టండి. కరిగి మాయమైతే కొవ్వు. టర్పెంటైన్ గుడ్డకి వచ్చేస్తుంది. భూతద్దంలో పీచు పీచుగా ఉండి, ముక్కిపోయిన కంపు కొడితే బూజు.

బూజైతే మాస్కు వేసుకుని, బల్లని ఆరుబయట నీడలో పెట్టి, వల కట్టిన వ్యాక్యూమ్‌తో తీయండి. బ్రష్‌తో ఇంట్లో దులిపితే అది పుస్తకాల బీరువాకి పోతుంది. తోలు ఆల్కహాల్‌ని తట్టుకుంటే 70 శాతం ఆల్కహాల్‌తో తడిపి పిండిన గుడ్డతో ఒక్కసారి అద్దండి. గదిలో తేమ 65 శాతం దాటినంతకాలం అది తిరిగి వస్తూనే ఉంటుంది. చిన్న తేమ మీటరు కొని బల్ల మీద పెట్టండి. 45 నుంచి 60 మధ్య ఉంటే తోలుకి హాయి.

పొడి రాలే చోటుకి

హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే పొడి దొరుకుతుంది. మ్యూజియం వస్తువుల్ని బాగుచేసేవాళ్లు క్లూసెల్ జీ అని పిలిచే రకం. వంద మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో రెండు గ్రాములు చల్లి, మూతపెట్టి రాత్రంతా వదిలితే పల్చటి జెల్లీ అవుతుంది. నీళ్లు లేవు కాబట్టి రెడ్ రాట్ చోట నల్లబడే ప్రమాదం తక్కువ. మెత్తటి బ్రష్‌తో ఒక పూత, ఇంకిపోయాక ఇంకొకటి. పొడి రాలడం ఆగితే ఆపేయండి. ఇది ఆమ్లాన్ని తీసేయదు, రాలే పీచుని పట్టి ఉంచుతుంది, అంతే. స్పిరిట్ రంగు వేసిన బల్ల అయితే చుట్టుపక్కల కొద్దిగా రంగు కదులుతుంది, ముందే ఒక మూల చూసుకోండి.

కొబ్బరినూనె, ఆముదం, అవిసెనూనె రాసి "తోలుకి తిండి పెట్టడం" మన ఇళ్లలో అలవాటు. అవి తోలుని ముదురు రంగుకి తిప్పి, కాలంతో జిగటగా మారి దుమ్ముని పట్టుకుంటాయి. లానోలిన్, తేనెమైనం కలిపిన లేపనాన్ని బ్రిటిష్ మ్యూజియం పేరుతో ఒకప్పుడు గ్రంథాలయాలు తెగ వాడాయి. ఇప్పుడు వాళ్లే మానేశారు.

రంగు

వెలిసిన చోట బూటు పాలిష్ రాయడం చాలామంది చేసే పని. పూసిన వారం బాగుంటుంది. ఆ తర్వాత చొక్కా చేతులకీ, కాగితాలకీ అంటుతుంది. దాంట్లోని ద్రావకం పాత రంగుని కూడా లేపుతుంది. బంగారు గీత మీద పడితే నల్లగా గట్టిపడుతుంది.

చిన్న చిన్న తెల్ల మచ్చలకి వాటర్ కలర్ చాలు. సన్నటి బ్రష్‌తో, దాదాపు పొడిగా, చుక్కలు చుక్కలుగా పెట్టండి. రంగు అచ్చం కలవాలని చూడకండి, కాస్త ముదురుగా పెడితే కంటికి ఆనదు. నచ్చకపోతే తడి పుల్లకి వచ్చేస్తుంది. సిరా మరక చుట్టూ వెలిసిన చోటుని ఇలా నింపితే మరక కూడా సగం కనిపించకుండా పోతుంది.

పెద్ద మేర వెలిసిపోతే తోలుకి వేసే అక్రిలిక్ రంగు స్పాంజితో అద్దుతూ నాలుగైదు పల్చటి పూతలు వేయవచ్చు. ఇది తిరిగి రాని పని. వందేళ్లు దాటిన, లేదా ఎవరైనా ప్రముఖులు వాడిన బల్ల అయితే అలా చేయకండి, విలువ పడిపోతుంది. ఇక బంగారు రంగు పెన్నుతో గీత దిద్దడం మాత్రం ఏ బల్లకీ వద్దు. అందులో ఉండేది ఇత్తడి పొడి, రెండేళ్లకి గోధుమరంగు గీత మిగులుతుంది. బంగారు గీత దిద్దడం నేర్చిన బైండరు పని.

లేచిన అంచులు

ఫెవికాల్ పెట్టవద్దు. ఆరాక తోలు చింపకుండా ఊడదు. మైదా ఒక వంతు, నీళ్లు ఐదు వంతులు, సన్నసెగ మీద కలుపుతూ పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించి చల్లార్చండి. మన బైండర్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం వేస్తారు. తోలు దగ్గర అది వద్దు, రాగి ఉప్పు తోలుకి చేటు. అంచు కింద దుమ్ము తీసి, పిండి జిగురు బాగా పల్చగా రాసి, పైన వెన్న కాగితం, దానిమీద అద్దుడు కాగితం, దానిమీద పుస్తకాలు. ఒక రాత్రి. పొడి రాలే చోట ఈ తడి జిగురు కూడా వద్దు, ముందు చెప్పిన సెల్యులోజ్ జెల్లీనే చిక్కగా కలిపి వాడండి.

తోలు చిరిగి పెచ్చులైపోతే మార్చడమే దారి. చెన్నై పెరియమేటలో తోలు అమ్మే వీధులున్నాయి. మిల్లీమీటరు మందం, పూత వేసిన ఆవుతోలు అడగండి. పాత తోలు ముక్క ఒకటి కవర్లో వేసి సొరుగులో దాచండి, ముందు తరాలకి అసలు రంగు తెలుస్తుంది.

అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న పిల్లలు ఇలాంటి బల్లని పట్టుకెళ్తామంటే ఒక్క మాట. వందేళ్లు దాటిన కళావస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే పత్రం తీసుకున్నాకే ప్యాకింగు వాళ్లని పిలవండి.

మైనం, గాజు పలక

అన్నీ అయ్యాక మూడు రోజులు ఆగి మైనం. గోరంత తీసుకుని పంచె ముక్కకి రాసి, తోలుమీద కంటికి కనపడనంత పల్చగా తిప్పండి. పదిహేను నిమిషాల తర్వాత ఇంకో గుడ్డతో మెరుపు తేండి. సంవత్సరానికి ఒకసారి చాలు. బంగారు గీత మీదుగా గుడ్డ తేలిగ్గా పోవాలి. పొడి రాలే చోట మైనం కూడా రుద్దవద్దు.

చివరగా గాజు పలక. మన ఆఫీసు బల్లలన్నిటి మీదా ఉంటుంది, కింద క్యాలెండర్లు, దేవుడి ఫొటోలు, పిల్లల స్కూలు గ్రూపు ఫొటో. తోలుకి ఆనించి పెట్టిన గాజు కింద తేమ చిక్కుకుని బూజు పడుతుంది, ఫొటోలు తోలుకి అతుక్కుంటాయి. మా బల్ల మీద కనిపించిన నాలుగు పలకల ఆకారపు పాలిపోయిన గుర్తులు అలా వచ్చినవే. గాజు కావాలంటే నాలుగు మూలలా, రెండు పొడుగు అంచుల మధ్యనా పారదర్శకమైన రబ్బరు బొట్లు అంటించి, చెక్క అంచుమీద ఆనేట్టు పెట్టండి, తోలుమీద కాదు. మైనం రాసిన తర్వాత వారం గడిచాకే గాజు వేయండి. వానాకాలంలో నెలకోసారి లేపి చూడండి.